షాట్‌లో బలం లేదా? చేతులను కాదు, ముందు కాలి తుంటిని చూడండి

క్రికెట్‌లో ముందు కాలు నాటి, మిడ్‌వికెట్ మీదుగా లేపి కొట్టారు. బంతి బ్యాట్ మధ్యలోనే తగిలింది. అయినా బౌండరీకి పది గజాల ముందే ఫీల్డర్ చేతుల్లో పడింది. నెల్లూరు వి.ఆర్. కాలేజీ గ్రౌండ్‌లో అడిగినా, ఒంగోలులో అడిగినా, సంక్రాంతి టోర్నమెంట్లు జరిగే ఏ పల్లెలో అడిగినా కుర్రాళ్ల బాధ ఇదే. "జిమ్‌లో చేరి చేతులు పెంచుతా ఉండానన్నా, అయినా బాల్ పోవట్లా" అంటారు. షాట్‌కు బలం చేతుల నుంచి పుట్టదు. పాదం నేలను నొక్కితే అది కాళ్లలో పుట్టి, తుంటి దగ్గర మలుపు తిరిగి, ఛాతీ మీదుగా భుజాలకు వెళ్లి, చివరికి చేతులకు చేరుతుంది. మధ్యలో ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోకుండా చేతులు ఎంత పెంచినా దూరం పెరగదు.

స్టాన్స్, గ్రిప్, మామూలు కసరత్తులు మీకు తెలుసనుకునే రాస్తున్నాను. అన్నీ కుడిచేతి బ్యాటర్‌కు చెబుతున్నాను, ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.

అందరూ వదిలేసే తనిఖీ

జిమ్‌కు డబ్బు కట్టే ముందు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి. ఒకటి బౌలర్ వైపు నుంచి, ఒకటి పక్క నుంచి. పది బంతులు చాలు. బంతి తగిలిన తర్వాత మీ బెల్టు బకిల్ ఎటు చూస్తోంది? బౌలర్ వైపో మిడాన్ (బౌలర్‌కు లెగ్‌సైడు పక్క) వైపో తిరిగిందా, ఇంకా కవర్స్ (ఆఫ్‌సైడు) వైపే ఉండిపోయిందా? ముందు పాదం నాటిన చోటే ఉందా, మడమ మీద గిర్రున తిరిగిపోయిందా? తల ఆఫ్‌సైడుకు ఒరిగిందా? చేతిలో ఫోన్ ఉండి కూడా ఈ చిన్న పని చేయరు. నెలల తరబడి డంబెల్స్ ఎత్తి, నడుం పట్టేశాక నా దగ్గరికి వస్తారు. దయచేసి ముందు వీడియో చూడండి. తర్వాత కింది లక్షణాల్లో మీది ఏదో పోల్చుకోండి.

మొదటి రెండు ఓవర్లు షాట్ పడదు, తర్వాత బాగానే ఉంటుంది

ఒళ్లు వేడెక్కలేదు, అంతే. తెల్లవారుజామున కోవూరు నుంచి బైక్ మీద వచ్చి నేరుగా ప్యాడ్లు కట్టుకుంటే ఎవరికైనా ఇంతే. ఐదు నిమిషాలు జాగింగ్, కాళ్లు ముందుకూ పక్కకూ ఊపడం, బ్యాట్ భుజాల మీద అడ్డంగా పెట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ తిరగడం చేయండి. ఆడే ముందు కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచ్‌లు వద్దు, అవి ఆట అయ్యాక చేసుకోండి.

బ్యాక్‌లిఫ్ట్ (బ్యాట్ వెనక్కి ఎత్తడం) సగంలోనే ఆగుతుంది, భుజాలు బిగుసుకున్నట్టు ఉంటాయి

వెన్ను పైభాగం తిరగడం లేదు. రోజంతా కంప్యూటర్ ముందో, షాపు కౌంటర్ దగ్గరో, లారీ స్టీరింగ్ వెనకో వంగి కూర్చునే వాళ్లలో ఇది ఎక్కువ. వారమంతా బెంచ్ ప్రెస్సే చేసే జిమ్ కుర్రాళ్లలో ఇంకా ఎక్కువ. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య బంతి బిగించి, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని తిరగండి. ఒక్కో వైపుకు 45 డిగ్రీల దాకా రావాలి. రాకపోతే పక్కకు పడుకుని, మోకాళ్లు పొట్ట వైపు మడిచి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవండి. వైపుకు పదిసార్లు, ప్రతిరోజూ. బెంచ్ ప్రెస్ ఎన్ని సెట్లు చేస్తే రోయింగ్ (బరువును ఒంటి వైపు లాగడం) కూడా అన్ని సెట్లు చేయండి.

ఇన్నింగ్స్ మొదట్లో ఉన్న జోరు చివర్లో ఉండదు

పిర్ర కండరాల్లో, తొడల్లో ఓర్పు తక్కువ. వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుం ఎత్తి పట్టుకోండి. పది సెకన్లలోపే తొడ వెనకభాగం పట్టేస్తే పిర్రలు పని చేయడం లేదని అర్థం. స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి గుంజిళ్లు), ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ (ఒంటికాలి మీద ముందుకు వంగి బరువు ఎత్తడం) వారానికి రెండు రోజులు చేస్తే చాలు. రోహిణి కార్తె ఎండలో కాళ్లు పట్టేయడం మాత్రం వేరే విషయం. దానికి కసరత్తు కాదు, నీళ్లూ ఉప్పూ కావాలి.

షాట్ గాల్లోకి లేస్తుంది, ఒళ్లు ఆఫ్‌సైడుకు ఒరుగుతుంది, మ్యాచ్ మర్నాడు నడుం ఎడమ పక్కన నొప్పి

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టిన కారణం ఇదే. ఎందుకంటే నొప్పి ఒకచోట ఉంటుంది, తప్పు ఇంకోచోట ఉంటుంది. ముందు కాలు, అంటే కుడిచేతి బ్యాటర్ ఎడమ కాలు, తుంటి దగ్గర లోపలివైపు తిరగడం లేదు.

ఎడమ పాదం నేలలో నాటుకున్నాక కటి (నడుం కింద తుంటి కీళ్లు ఉండే భాగం) మొత్తం ఆ కాలి మీద బౌలర్ వైపు తిరగాలి. ఆ తుంటి తలుపు మడతబందు లాంటిది. అది తుప్పు పట్టితే ఎంత బలంగా తోసినా తలుపు సగమే తెరుచుకుంటుంది. అప్పుడు ఒళ్లు దొంగదారులు వెతుక్కుంటుంది. పాదం మడమ మీద తిరిగిపోతుంది. లేదా వెన్ను నిటారుగా లేచిపోయి బంతి బ్యాట్ కింది అంచుకు తగులుతుంది. లేదా నడుం ఎముకలు ఆ మెలికను మోస్తాయి. నడుంలోని అయిదు వెన్నుపూసలూ కలిపినా ఒక్కో వైపుకు సుమారు 10–15 డిగ్రీలకు మించి తిరగవు. వాటితో ఈ పని చేయిస్తే నొప్పి రాక ఏమవుతుంది? గోల్ఫ్ స్వింగ్‌లోనూ ఒంటి పని ఇలాంటిదే. అందుకే గోల్ఫ్ నేర్పేవాళ్లు నడుం నొప్పి అనగానే ముందు కాలి తుంటిని పరీక్షిస్తారు. మన దగ్గర మాత్రం నడుంకు బెల్టు కట్టి పంపిస్తారు.

ఇది అంత తేలిగ్గా ఎందుకు దొరకదంటే, మనవాళ్లకు తుంటి బాగుందనే గట్టి నమ్మకం. "నేను మఠం వేసుకుని గంట కూర్చోగలనన్నా, నా తుంటికేం?" అంటారు. మఠం వేసుకున్నప్పుడు తొడ బయటివైపు తిరుగుతుంది. షాట్‌కు కావలసింది లోపలివైపు. మొదటిది ఎంత బాగున్నా రెండోదాని గురించి ఏమీ చెప్పదు. పెళ్లి పంక్తిలో హాయిగా కూర్చునే మనిషికి కూడా లోపలి తిరుగుడు 20 డిగ్రీలు దాటకపోవడం చాలామందిలో చూశాను.

పరీక్ష ఇలా చేయండి. కాళ్లు నేలకు తగలనంత ఎత్తు బల్ల అంచు మీద కూర్చోండి. మోకాళ్ల మధ్య పిడికిలి పట్టేంత ఎడం ఉంచండి. మోకాలు కదపకుండా ఎడమ పాదాన్ని మాత్రమే బయటికి, ఎడమవైపుకు ఎత్తండి. పాదం బయటికి వెళ్తే తొడ లోపలికి తిరుగుతున్నట్టు. ఎదురుగా నిలబడి ఒకరు ఫోటో తీయాలి. పిక్క నిట్టనిలువు గీత నుంచి 35–45 డిగ్రీలు జరిగితే మంచిది. 30 కూడా రాకపోయినా, కుడికాలి కన్నా బాగా తక్కువ వచ్చినా, దొంగ దొరికినట్టే. ఇక్కడే చాలామంది తెలియకుండా మోసపోతారు: ఎడమ పిర్ర బల్ల మీద నుంచి లేస్తుంది, ఒళ్లు కుడికి వాలుతుంది, పాదం ఎత్తుకు వెళ్లినట్టు కనిపిస్తుంది. రెండు పిర్రలూ బల్లకు ఆనించి ఉంచితేనే లెక్క.

ఇంకా అనుమానముంటే నెట్స్‌లో ముందు పాదం వేళ్లను మామూలు కన్నా 20–30 డిగ్రీలు బౌలర్ వైపు తెరిచి నాటండి. అలా పది బంతులు కొట్టండి. షాట్ అప్పటికప్పుడు సులువైతే, నడుం తేలికైతే కారణం తుంటే.

సరిచేయడానికి రోజుకు పది నిమిషాలు కావాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు రెండడుగుల ఎడంగా పెట్టి, ఎడమ మోకాలిని నెమ్మదిగా లోపలికి వాల్చండి, పదిసార్లు. తర్వాత లేచి కూర్చుని కుడికాలు ముందుకు, ఎడమకాలు పక్కకూ వెనక్కూ, రెండు మోకాళ్లూ లంబకోణంలో మడవండి. వెన్ను నిటారుగా ఉంచి ఎడమ మోకాలు, పాదం నేలకేసి పది సెకన్లు నొక్కండి. ఆ తర్వాత మోకాలు కిందే ఉంచి పాదాన్ని మాత్రం నేల నుంచి ఎత్తడానికి ప్రయత్నించండి. మొదట్లో అంగుళం కూడా లేవదు, తుంటి పక్కన పట్టేస్తుంది. అయినా ఇదే అసలు మందు. ఉత్త స్ట్రెచ్‌తో వచ్చిన సాగుదల సాయంత్రానికి పోతుంది, సొంత కండ బలంతో తెచ్చుకున్నది నిలుస్తుంది. చివరగా గోడ పట్టుకుని ఎడమకాలి మీద నిలబడి, పాదం కదపకుండా కటిని ఎడమవైపుకు తిప్పండి, ఎనిమిదిసార్లు. ప్రతి ఆదివారం అదే బల్ల మీద కొలుచుకోండి. మార్పు కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఒక హెచ్చరిక. ఇవి చేసేటప్పుడు గజ్జల్లో ముందువైపు పొడిచినట్టు నొప్పి వస్తే వెంటనే ఆపండి. కొందరికి ఎముక ఆకారమే అలా ఉంటుంది, బలవంతంగా లాగితే కీలు దెబ్బతింటుంది. ఎముకల డాక్టరుకో ఫిజియోకో చూపించండి. ఎముకే అడ్డమని తేలితే పాదం తెరిచి ఆడటమే వాళ్లకు సరైన పద్ధతి, అందులో తక్కువతనమేమీ లేదు.

తుంటి తిరగడం మొదలయ్యాకే వేగం మీద పని చేయండి. పాత బాస్కెట్‌బాల్‌లో ఇసుక నింపి రెండు మూడు కిలోలు చేసుకుని, గోడకు పక్కగా నిలబడి కటి తిప్పి విసరండి. వైపుకు ఐదు చొప్పున మూడు సెట్లు, ప్రతి విసురూ పూర్తి వేగంతో. వేగం తగ్గిందనిపిస్తే ఆ రోజుకు ఆపేయాలి. నెమ్మదిగా యాభై విసిరితే ఆయాసం తప్ప వేగం రాదు.

మిగతావి

మణికట్టు బలహీనత, భుజం లోపలి చిరుగు, కంటిచూపు, ఇవీ కారణాలే కానీ అరుదు. బ్యాట్ బరువు ఎక్కువనిపిస్తే స్నేహితుడి తేలిక బ్యాట్‌తో ఒక సాయంత్రం ఆడి చూడండి, తేలిపోతుంది. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి ఎక్కినా కసరత్తులు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సంక్రాంతి టోర్నమెంటుకు తయారవ్వాలంటే తుంటి పని నవంబరులో మొదలుపెట్టండి. టోర్నమెంటు వారంలో మాత్రం కొత్త కసరత్తు ఏదీ వద్దు, అలవాటైన పది నిమిషాలూ చేసుకుని ఆడండి.