పని చేసే చోట ఫస్ట్ ఎయిడ్ బాక్స్, ఎమర్జెన్సీ పరికరాలు అవసరానికి అక్కరకొచ్చేలా ఉంచడం ఎలా?

ముందు ఒక మనిషికి ఈ పని అప్పజెప్పండి. అందరూ చూసుకోవాలి అనుకున్న చోట ఎవరూ చూడరు. ఆ వ్యక్తి పేరు, సెలవు పెట్టినప్పుడు చూసే ఇంకొకరి పేరు బాక్స్ మీదే రాయండి.

తర్వాత ఫస్ట్ ఎయిడ్ బాక్స్. నెలకోసారి అందులోవన్నీ బల్ల మీద పరిచి చూడాలి. మూత తీసి తొంగి చూస్తే ఏమీ తెలియదు. స్టెరైల్ గాజ్ (గాయం మీద వేసే, క్రిములు లేని పలుచని గుడ్డ) ప్యాకెట్ చిరిగినా, తడిసినా గడువు ఎంత ఉన్నా తీసేయాల్సిందే. గ్లవ్స్ ఒక జత తొడిగి చూడండి. రబ్బరు పాతబడితే ఒకదానికొకటి అంటుకుపోతాయి, లాగగానే చిరుగుతాయి. కత్తెరతో నిజంగా గుడ్డ ముక్క కత్తిరించండి. ఏది ఎన్ని ఉండాలో రాసిన లిస్టు మూత లోపల అతికిస్తే, వాడినవి అదే రోజు తిరిగి పెట్టొచ్చు.

బాక్స్‌కు తాళం మాత్రం వేయకండి. రక్తం కారుతుంటే తాళంచెవి కోసం పరుగెత్తే పరిస్థితి ఎవరికీ రాకూడదు. వస్తువులు పోతాయన్న భయముంటే, చేత్తో లాగితే తెగే ప్లాస్టిక్ సీలు వేయండి. సీలు తెగి ఉంటే ఎవరో వాడారని తెలిసిపోతుంది.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ను కూడా నెలకోసారి చూడాలి. మీటరు ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా, పిన్ను, సీలు ఉన్నాయా, గొట్టం పగిలిందా? కార్బన్ డయాక్సైడ్ రకానికి మీటరు ఉండదు, గ్యాస్ తగ్గిందో లేదో తూకం వేస్తేనే తెలుస్తుంది. అందుకే ఏడాదికోసారి సర్వీసింగ్ మానొద్దు. ఎదురుగా అట్టపెట్టెలు పేర్చి ఉంటే అప్పుడే తీయించండి.

రసాయనాలు వాడే చోట కళ్లు కడిగే ఐవాష్‌ను వారానికోసారి తిప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి. కంట్లో రసాయనం పడితే కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆ సమయంలో తుప్పు నీళ్లు వస్తే కంటికి ఇంకా హాని.

గుండె ఉన్నట్టుండి ఆగినప్పుడు వాడే ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే పరికరం) మీ దగ్గర ఉంటే, అది సిద్ధంగా ఉన్నట్టు చూపే గుర్తును రోజూ ఒకసారి చూడండి. ఛాతీకి అంటించే దాని ప్యాడ్లకు గడువు ఉంటుంది. వాటి జెల్ ఎండిపోతే ఒంటికి సరిగా అంటుకోవు.

ఎమర్జెన్సీ లైట్లకు నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఏడాదికోసారి కరెంటు తీసి, వెలగాల్సినంత సేపూ బ్యాటరీ మీద వెలుగుతున్నాయో లేదో కూడా చూడాలి.

చివరగా, రాత్రి షిఫ్టులో ఎవరినైనా "బాక్స్ ఎక్కడుంది?" అని అడగండి. వెంటనే చెప్పలేకపోతే, ఆ షిఫ్టు వాళ్లందరినీ వెంటబెట్టుకెళ్లి ఒక్కొక్కటీ చూపించండి.