రేవు పనికి వస్తున్నారా? బురదలోకి మాత్రం దిగొద్దు

పోయిన ఆదివారం మా బెంగళూరు చెరువులో, పాత పడవల రేవు పక్కనే, ఒక కుర్రాడు నడుం దాకా దిగబడ్డాడు. ప్లాస్టిక్ కవరు తీయబోయి గట్టుకు రెండడుగుల అవతల కాలు వేశాడంతే. నిచ్చెన అడ్డంగా పరిచి లాగాల్సి వచ్చింది. బూట్లు లోపలే పోయాయి.

జూన్ వానలకు ముందే రేవు మెట్లు బాగుచేయాలి, పిట్టలకు జమ్ము మిగలాలి, జనం నీళ్ల దాకా రాగలగాలి. సరే. టోపీ, గ్లౌజులు, మంచినీళ్ల సంగతి మీకు తెలిసిందే.

బురద సంగతే తెలియదు. ఏళ్ల తరబడి చేరిన మురుగు పైన ఎండి బీటలు వారుతుంది, కింద పెరుగులా ఉంటుంది. గుర్రపుడెక్క అల్లుకుంటే పచ్చిక అనుకుంటాం. "మోకాలి లోతే అన్నా" అంటూ దిగినవాళ్లనే నేను లాగించాను. పూడిక తీత జేసీబీ పని, మనది కాదు. కవరు అందకపోతే పొడవాటి కర్రకు కొక్కెం కట్టండి. అప్పటికీ అందకపోతే వదిలేయండి.

రాజకాలువ (వాననీళ్లు పోయే పెద్ద కాలువ) తూములోకి, మ్యాన్‌హోల్‌లోకి తల కూడా పెట్టొద్దు. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన ఆగిందని ధైర్యపడకండి: 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు) దగ్గర ముక్కే మొద్దుబారుతుంది. లోపల ఒకరు పడితే వెనకే దూకొద్దు, ఫైర్ సర్వీసు 101కి ఫోన్ చేయండి. ఇలాంటి చోట రెండో ప్రాణం పోయేది కాపాడబోయే.

గట్టులో బెజ్జాలు కనబడితే ఎలుక బొరియలని పూడ్చకండి, లకుముకి పిట్టల గూళ్లు కావచ్చు. జమ్ము మొత్తం కోసేయకండి. నున్నగా గొరిగిన చెరువు ఫోటోకు బాగుంటుంది, నీటికోడి గుడ్లెక్కడ పెట్టాలి?

తీసిన చెత్తకు నిప్పు పెట్టొద్దు. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువే తగలబడింది. కాలికి పుండుంటే నీళ్ల దగ్గరికి రావద్దు, ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ అలాగే ఎక్కుతుంది. నెలలోపు జ్వరమొస్తే చెరువులో పని చేశానని డాక్టరుకు చెప్పండి. పిల్లల్ని తేవద్దు. ఒంటరిగా రావద్దు. పుచ్చిన రేవు చెక్క మీద నిలబడొద్దు. సెల్ఫీకి చివరి మెట్టు దాకా వెళ్లొద్దు. చెప్పు పడిపోయినా, ఫోన్ పడిపోయినా సరే, బురదలోకి దిగొద్దు. ఉరుము వినబడగానే పని ఆపండి. చెట్టు కిందికి కాదు, బిల్డింగులోకి.