హైలైట్ల వీడియో చివర చూడండి

అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్‌లో ఒక వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని పరుగెత్తి చేతులతో అందుకునే ఆటగాడు) కాలేజీ స్థాయికి పనికొస్తాడో లేదో తేల్చుకోవాలంటే హైలైట్ల వీడియోతో మొదలుపెట్టకండి. అందులో ప్రతివాడూ వీరుడే. మొత్తం మ్యాచ్ వీడియో సంపాదించి, బంతి అతని వైపు రానప్పుడు ఏం చేస్తున్నాడో గమనించండి. నడుము మీద చేతులు వేసుకుని నిలబడతాడా, ఎదుటివాణ్ణి అడ్డుకుంటాడా?

తర్వాత చేతులు. బంతిని ఒంటికి దూరంగా, అరచేతులు చాచి అందుకునేవాడు వేరు, ఛాతీకి తగిలాక హత్తుకునేవాడు వేరు. రెండోవాడికి హైస్కూల్లో చెల్లిపోతుంది. కాలేజీలో మాత్రం డిఫెండర్ చెయ్యి ఆ మధ్యలోకి దూరిపోతుంది. ఇక్కడ వీడియో ఆపి ఆపి చూడండి, విసుగైనా సరే.

40 గజాల పరుగు అంకెను కళ్లకద్దుకోవద్దు. చేత్తో నొక్కిన స్టాప్‌వాచ్ ఎప్పుడూ కాస్త ముద్దు చేస్తుంది, అసలుకన్నా తక్కువ సమయం చూపిస్తుంది. ట్రాక్ పోటీల్లో ఎలక్ట్రానిక్ పద్ధతిలో తీసిన 100 మీటర్ల సమయం ఉంటే దాన్ని నమ్మండి. అయినా వేగమే సర్వస్వం కాదు: కూపర్ కప్ అనే రిసీవర్ 2017లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) కొత్త ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో ఆ 40 గజాలకు 4.62 సెకన్లు తీసుకున్నాడు, రిసీవర్‌కు అది నెమ్మదే. అంతకుముందు హైస్కూల్ ముగిశాక అతణ్ణి పెద్ద కాలేజీలేవీ పిలవలేదు, ఈస్టర్న్ వాషింగ్టన్‌లో చేరాడు. 2021 సీజన్లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలతో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతడే ముందున్నాడు.

అన్నట్టు, పూర్తి వేగంలోంచి ఆగి వెనక్కి తిరగడానికి కుర్రాడు ఎన్ని అడుగులు వేస్తున్నాడో లెక్కపెట్టండి. రెండు మూడైతే మంచిదే, ఆరేడు చిన్నడుగులు పడుతుంటే డిఫెండర్ అప్పటికే వచ్చేసి ఉంటాడు.