తుంటి మార్పిడి తర్వాత మళ్లీ పరుగు మొదలుపెట్టడం ఎలా?

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారికి నడక, ఈత, సైకిలు తొక్కడం మంచివని ఎముకల వైద్యులు దాదాపు అందరూ చెబుతారు. పరుగు దగ్గరికి వచ్చేసరికి చాలామంది వద్దంటారు. మునుపటి నుంచి పరుగు అలవాటున్నవారికి కొందరు షరతులతో ఒప్పుకుంటారు. కనుక మీకు శస్త్రచికిత్స చేసిన వైద్యుడు తాజా ఎక్స్‌రే చూసి సరేనన్న తర్వాతే ఇక్కడ చెప్పినవి ఆచరణలో పెట్టండి. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2019 జనవరిలో తుంటికి శస్త్రచికిత్స చేయించుకుని, అదే ఏడాది అక్టోబరులో ఆంట్‌వెర్ప్ టోర్నీ గెలిచిన మాట నిజమే. అయితే ఆయనకు తొడ ఎముక తలను తీసివేయలేదు, దానిమీద లోహపు తొడుగు వేశారు. పూర్తి మార్పిడి జరిగినవారు ఆ గడువును తమకు వర్తింపజేసుకోకూడదు.

ఎముకకు సిమెంటుతో అతికించకుండా అమర్చిన కృత్రిమ కీలును ఎముక పెరిగి గట్టిగా పట్టుకోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఆ కాలమంతా నడకదే. తుంటి వెనుకవైపు కోతతో ఆపరేషన్ చేయించుకున్నవారు వైద్యుడు అనుమతించేదాకా నేలమీద బాసిపట్లు వేసుకుని కూర్చోకూడదు, గొంతుకు కూర్చోకూడదు, కాలుమీద కాలు వేసుకోకూడదు. కీలు తప్పే ప్రమాదం ఆ భంగిమల్లోనే ఎక్కువ.

ఎన్ని నెలలు గడిచాయన్నదానికంటే పిరుదు పక్క కండరం ఎంత బలపడిందన్నదే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. అద్దం ముందు నిలబడి, అవసరమైతే అందుకోవడానికి గోడ దగ్గరలో ఉండేలా చూసుకుని, ఆపరేషన్ అయిన కాలుమీద బరువు మోపి రెండో కాలు ఎత్తండి. ఎత్తిన కాలువైపు నడుము కిందికి జారినా, ఒళ్లు ఆపరేషన్ వైపు ఒరిగినా ఆ కండరం ఇంకా బలహీనంగా ఉన్నట్టే. అలాంటి స్థితిలో పరుగెత్తితే ఆ లోపాన్ని నడుము, మోకాలు మోయవలసి వస్తుంది. పక్కకు పడుకుని కాలెత్తడం, వెల్లకిలా పడుకుని నడుము లేపడం, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం వంటివి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కొనసాగించండి.

కుంటకుండా ముప్పావుగంట వేగంగా నడవగలిగి, కనీసం ఆరు నెలలు దాటాక (ఏడాది ఆగమనే వైద్యులూ ఉన్నారు) మొదలుపెట్టవచ్చు. పది నిమిషాల నడక తర్వాత ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, నాలుగు నిమిషాల నడక. ఈ పరుగు, నాలుగు నిమిషాల నడకల జతను నాలుగైదు సార్లు, రోజు విడిచి రోజు. రెండు వారాలు సాఫీగా సాగితేనే పరుగును మరో నిమిషం పెంచండి. నడకలో తుంటిపై శరీర బరువుకు సుమారు మూడు రెట్ల భారం పడితే, నెమ్మదైన పరుగులో కూడా అది నాలుగైదు రెట్లకు చేరుతుంది. అందుకే అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వేయాలి. చదునైన మట్టి బాట లేదా ట్రెడ్‌మిల్ మేలు. సముద్రపు ఒడ్డున మెత్తటి ఇసుకలో కాలు దిగబడుతుంది, తడి ఇసుక ఒకవైపు వాలుగా ఉంటుంది, కాబట్టి రెండూ వద్దు.

మర్నాడు ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగులను గమనించండి. కండరాల బడలిక ఒకటి రెండు రోజుల్లో పోతుంది. గజ్జలో గానీ తొడలో గానీ నొప్పి, రాత్రిపూట సలుపు, కొత్తగా కుంటడం కనిపిస్తే పరుగు ఆపి వైద్యుణ్ణి కలవాలి. జ్వరంతో తుంటి నొప్పి వచ్చినా, పిక్క వాచినా అదే రోజు వెళ్లాలి. నొప్పి లేనంత మాత్రాన కీలు బాగుందనుకోకండి: కృత్రిమ కీలు గిన్నెలోని (తొడ ఎముక తల తిరిగే గుంటలోని) ప్లాస్టిక్ పొర అరిగినా, కీలు వదులైనా చాలాకాలం ఏమీ తెలియకపోవచ్చు. పరుగెత్తేవారు వైద్యుడు చెప్పిన గడువుల్లో ఎక్స్‌రే తప్పక తీయించుకుని, పాత ఫిల్ములతో పోల్చి చూడమని అడగాలి.