అమెరికా నుంచి హైదరాబాద్‌కు క్యాబిన్‌లో చిన్న కుక్క: ఏక్యూసీఎస్ ఎన్‌ఓసీ దరఖాస్తు విధానం

అమెరికాలో ఉద్యోగం ముగించుకుని ఇండియాకు వచ్చేస్తున్న కుటుంబాలు సామాను గురించి ఎంత ఆలోచిస్తాయో ఇంట్లో పెరిగిన కుక్క గురించి అంతకు రెట్టింపు మథనపడతాయి. దాన్ని ఎవరికో ఇచ్చేసి రావాల్సిన అవసరం లేదు. మన ప్రభుత్వం తెచ్చుకోనిస్తుంది, చిన్న కుక్క అయితే మన ముందు సీటు కిందే పడుకుని వస్తుంది. అయితే ఇందులో ప్రతి పనికీ ఒక వరుస, ఒక గడువు ఉన్నాయి. ఆ వరుస తప్పితే డబ్బు పోసినా తేదీలు వెనక్కి జరగవు. ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి.

ముందు మీకు అర్హత ఉందో లేదో చూసుకోండి. 2013లో కస్టమ్స్ శాఖ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వరుసగా రెండేళ్లు విదేశంలో ఉండి, నివాసం ఇండియాకు మార్చుకుంటున్నవాళ్లు తమ బ్యాగేజీ కింద ఒక్కొక్కరు రెండు పెంపుడు జంతువుల్ని (కుక్కలు, పిల్లులు) తెచ్చుకోవచ్చు. సంక్రాంతి సెలవులకు నెల రోజులు వచ్చిపోయేవాళ్లు ఈ వీలు కిందికి రారు. వాళ్లు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) నుంచి లైసెన్స్ కోసం ప్రయత్నించాలి, అదంత తేలిక కాదు. అమ్మకానికి, పిల్లలు పెట్టించడానికి కుక్కల్ని దిగుమతి చేసుకోవడాన్ని 2016లో ఆపేశారు కాబట్టి, ఈ కుక్క మీదేనని, మీ ఇంట్లోనే పెరిగిందని కాగితాల్లో కనపడాలి. వ్యాక్సిన్ కార్డు, చిప్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్ట్ మూడింటిలోనూ ఒకే పేరు ఉండాలి. భార్య పేరు మీద కార్డు, భర్త పేరు మీద దరఖాస్తు ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. అది ముందే సరిచేయించుకోండి.

దరఖాస్తు చేసుకోవాల్సింది కేంద్ర పశుసంవర్థక శాఖ కింద పనిచేసే యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్‌కు. అందరూ ఏక్యూసీఎస్ అనే అంటారు. దీనికి ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్‌లలో కేంద్రాలున్నాయి. విదేశం నుంచి వచ్చే కుక్క ఏక్యూసీఎస్ అనుమతించిన ఎయిర్‌పోర్ట్‌లోనే దిగాలి. విజయవాడ, విశాఖ, తిరుపతి వాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇంకో మాట: మీ విమానం ఇండియాలో మొదట ఎక్కడ దిగుతుందో అక్కడి కేంద్రానికే దరఖాస్తు పెట్టాలి. ఢిల్లీలో దిగి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వేరే విమానం ఎక్కేవాళ్లకు ఎన్‌ఓసీ (కుక్కను తేవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) ఇవ్వాల్సింది ఢిల్లీ కేంద్రమే.

టికెట్ కొనేముందు ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయండి. మనవాళ్లు ఎక్కువగా ఎక్కే ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్ మామూలు పెంపుడు కుక్కల్ని క్యాబిన్‌లోకి రానివ్వవు. లుఫ్తాన్సాలో కుక్క, బ్యాగు కలిపి 8 కిలోలు దాటకూడదు, బ్యాగు కొలత 55, 40, 23 సెంటీమీటర్లలోపు ఉండాలి. బ్యాగు బరువు కూడా కలుస్తుందన్నది చాలామంది పట్టించుకోని సంగతి. కుక్కను బ్యాగులో పెట్టి, ఆ బ్యాగు పట్టుకుని మీరు తూకం మీద నిలబడండి. తర్వాత మీరొక్కరే నిలబడి, ఆ తేడా చూసుకోండి. ఒక్కో విమానంలో కొన్ని కుక్కలకే చోటిస్తారు కాబట్టి మీ కుక్కకు ఖాయమైందని ఈమెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. మధ్యలో దిగే దేశంలో ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి వెళ్తే ఆ దేశం నిబంధనలు కూడా మీకు వర్తిస్తాయి. హోటల్లో దిగే ఆలోచన పెట్టుకోకుండా ట్రాన్సిట్‌లోనే ఉండేలా టికెట్ చూసుకోవడం మేలు.

కాగితాల్లో మొదటిది మైక్రోచిప్, అంటే కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు నంబర్ చిప్. 15 అంకెల ఐఎస్‌ఓ చిప్ అయితే ఏ దేశంలోనైనా స్కానర్ చదువుతుంది. అమెరికాలో పాతరకం చిప్‌లు, అంటే 9 లేదా 10 అంకెలవి, ఇంకా చాలా కుక్కలకు ఉన్నాయి. వెటర్నరీ డాక్టర్ దగ్గర స్కాన్ చేయించి అంకెలు లెక్కపెట్టుకోండి. చిప్ వేశాకే రేబిస్ టీకా పడాలి. ఆ టీకా ప్రయాణానికి కనీసం 30 రోజుల ముందు, 12 నెలలు దాటకుండా వేసి ఉండాలి. అమెరికాలో మూడేళ్ల టీకా వేయించి, ఇంకా గడువుంది కదా అని ధీమాగా ఉంటారు. ఇండియాకు ఆ లెక్క పనికిరాదు. డిస్టెంపర్, హెపటైటిస్, పార్వో, లెప్టోస్పైరోసిస్ టీకాల వివరాలు కూడా కార్డులో ఉండాలి.

అసలు హడావిడంతా చివరి వారంలోనే. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) గుర్తింపు ఉన్న డాక్టర్ కుక్కను పరీక్షించి, ఇండియా కోసం ఉన్న ఫార్మాట్‌లో హెల్త్ సర్టిఫికెట్ రాస్తారు. కుక్కకు ఆజెస్కీ, డిస్టెంపర్, రేబిస్, లీష్మానియాసిస్, గజ్జి లక్షణాలేవీ లేవని అందులో ఉండాలి. దానిపై యూఎస్‌డీఏ ప్రభుత్వ వెటర్నరీ అధికారి ఆమోదం వేయించాలి. ఆ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, రెండేళ్ల నివాసానికి రుజువులు, టికెట్, టీకా కార్డు, కుక్క ఫొటో కలిపి ఏక్యూసీఎస్‌కు పంపితే అడ్వాన్స్ ఎన్‌ఓసీ ఇస్తారు. చెకిన్ కౌంటర్‌లో అడిగేది దీన్నే.

ఇక్కడ వారం మధ్యలో పరీక్ష పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. అమెరికాలో గురువారం రాత్రి అంటే మనకు శుక్రవారం పగలు. శుక్రవారం మధ్యాహ్నం ఆమోదం వచ్చేసరికి ఇక్కడ శనివారం మొదలై ఉంటుంది. సోమవారం పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లి, శని, ఆదివారాల్లో విమానం ఎక్కేలా చూసుకుంటే రెండు ఆఫీసులకూ పనిదినాలు మిగులుతాయి. ఇండియాలో సెలవులు కూడా క్యాలెండర్‌లో చూసుకోండి. అప్పటిదాకా ఖాళీగా కూర్చోకుండా, మిగతా కాగితాలతో ముందే కేంద్రానికి రాసి, మీ కేసులో ఇంకేం కావాలో అడిగి ఉంచండి. సర్టిఫికెట్ చేతికి రాగానే చిప్ నంబర్‌ను ఒక్కో అంకే వేలుపెట్టి చదవండి. 15 అంకెల్లో ఒకటి తారుమారైతే ఎయిర్‌పోర్ట్‌లో స్కానర్ చూపించే కుక్క వేరు, కాగితంలో ఉన్న కుక్క వేరు అవుతాయి.

మళ్లీ ఎప్పుడైనా ఆ కుక్కతో అమెరికా వెళ్లే అవకాశం కొంచెమున్నా, బయల్దేరే ముందే ఒక పని చేయండి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. అమెరికాలోనే టీకా పడిందని యూఎస్‌డీఏ ఆమోదంతో సీడీసీ ఫారం తీసుకుని ఉంటే ఆ టీకా గడువు తీరేదాకా తిరుగు ప్రయాణం సులువు. అది లేకపోతే రక్తపరీక్ష, నిర్ణీత ఎయిర్‌పోర్ట్‌లు, పరీక్ష ఫలితం కూడా లేకపోతే 28 రోజుల క్వారంటైన్. ఆ ఫారం కుక్క అమెరికా దాటక ముందే తీసుకోవాలి. హెల్త్ సర్టిఫికెట్ రాసే డాక్టర్‌తోనే ఇదీ రాయించుకోవచ్చు.

కాగితాల గురించి ఇంత చెప్పినా, నాకు ఎక్కువ బాధనిపించేది బ్యాగు ప్రయాణం రోజే మొదటిసారి చూసే కుక్కలను తలుచుకుంటే. ఇరవై గంటల పైచిలుకు ప్రయాణం అది. నెలల ముందే బ్యాగును హాల్లో ఓ మూల తెరిచి పెట్టండి, మీ పాత టీషర్ట్ ఒకటి లోపల పరవండి. అన్నం గిన్నె మొదట బ్యాగు ముందు, తర్వాత గుమ్మంలో, ఆ తర్వాత లోపల పెట్టండి. తనంతట తాను వెళ్లి నిద్రపోవడం మొదలుపెట్టాకే జిప్ వేయండి, అదీ ఒకట్రెండు నిమిషాలే. తర్వాత కారులో తిప్పండి. లోపల లేచి నిలబడి అటు తిరిగి పడుకోగలగాలి. ముక్కు నొక్కుకుపోయినట్టుండే పగ్, షిట్‌జూ లాంటివాటికి గాలి ఆడటం మరీ ముఖ్యం, వాటి విషయంలో ఎయిర్‌లైన్ షరతులు వేరేగా ఉంటాయి. మత్తుమందు మాత్రం వేయకండి. ఎత్తులో శ్వాస, గుండె మీద ప్రభావం పడుతుంది, మత్తులో ఉన్న కుక్కను ఎయిర్‌లైన్లు ఎక్కించుకోవు కూడా.

బయల్దేరే రోజు నాలుగైదు గంటల ముందు తేలికగా తిండి పెట్టి, నీళ్లు కొద్దికొద్దిగా ఇస్తూ ఉండండి. సెక్యూరిటీ దగ్గర కుక్కను బ్యాగులోంచి తీసి ఎత్తుకుని నడవాలి, ఎక్స్‌రేలోకి ఖాళీ బ్యాగే వెళ్లాలి. చప్పుళ్లకు బెదిరి జారిపోకుండా హార్నెస్ వేసే ఉంచండి.

హైదరాబాద్‌లో దిగాక కస్టమ్స్ దగ్గర గ్రీన్ ఛానల్ వైపు వెళ్లకండి, రెడ్ ఛానల్‌లో కుక్క ఉందని చెప్పండి. ఏక్యూసీఎస్ డాక్టర్ చిప్ స్కాన్ చేసి, కుక్కను, ఒరిజినల్ కాగితాలను చూసి ఫైనల్ ఎన్‌ఓసీ ఇస్తారు. విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే దిగుతాయి కాబట్టి విమానం నంబర్, సమయం ముందే కేంద్రానికి తెలియజేసి, ఎవరిని కలవాలో అడిగి ఉంచుకోండి. కాగితాల్లో లోపం ఉంటే క్వారంటైన్‌లో పెట్టవచ్చు, వెనక్కి కూడా పంపవచ్చు. ఆ ఖర్చంతా మీదే.

అక్కడి నుంచి ఆంధ్రా వైపు వెళ్లేవాళ్లకు కారే నయం. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం మీకే దొరికితేనే కుక్కను వెంట ఉంచుకోనిస్తారు, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో వేయాలి. హైదరాబాద్‌లోనే స్థిరపడేవాళ్లు అవే టీకా కాగితాలతో జీహెచ్‌ఎంసీలో పెంపుడు కుక్క లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోండి.