మ్యూజియంలో గుడ్డ చదవడం – 3వ పాఠం: రెబెక్కా మేలిముసుగు

గత రెండు పాఠాల్లో నోట్‌బుక్ ఎలా పెట్టుకోవాలో, బయల్దేరే ముందు ఏం చదువుకోవాలో చెప్పుకున్నాం కదా, ఈసారి నేరుగా లోపలికి వెళ్దాం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం. ఒకే ఒక్క శిల్పం. ఒక గంట.

శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. ఆదివారం కూడా వద్దు, ఆ శిల్పం ముందు నిలబడి గీసుకోవాలంటే జనం తోసుకుంటూ పోతుంటారు. మామూలు రోజున ఉదయం పదింటికి తలుపులు తీయగానే వెళ్ళిపోండి. పెన్ను బ్యాగులోనే ఉంచండి, పెన్సిలే వాడాలి. ఫోన్ గురించి ఒక నియమం: మొదటి నలభై నిమిషాలు జేబులోంచి తీయొద్దు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఫస్టియర్‌లో నేను ఒక్కరోజులో అన్ని గ్యాలరీలూ తిరిగాను, ఫోన్ నిండా ఫొటోలు, వాటిలోంచి ఒక పింగాణీ పళ్ళెం మీది పూలతీగ తీసుకుని కుర్తా మీద డిజిటల్ ప్రింట్ వేయించి సబ్మిట్ చేశాను. మా మేడమ్ కుర్తాని తిప్పి తిప్పి చూసి, "బాగుందమ్మా, కానీ ఆ పళ్ళెం నీకు ఏం నేర్పింది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పూలతీగ కుర్తా మీదున్నా, టీ కప్పు మీదున్నా, దిండు గలీబు మీదున్నా ఒకటే, నా కటింగ్‌లో, కుట్టులో, గుడ్డ ఎంపికలో దానివల్ల ఏ మార్పూ రాలేదు. ఆ ప్రశ్నే ఇప్పటికీ నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటాను. మీరూ రాసుకోండి: ఇది నాకు ఏం నేర్పింది?

ఇదే పని సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చూడండి. 1965లో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ, చిత్రకారుడు మాండ్రియన్ బొమ్మల్ని చూసి చేసిన మాండ్రియన్ డ్రెస్సు ఫొటో మీ అందరికీ తెలిసే ఉంటుంది, తెల్లటి గళ్ళు, నల్ల గీతలు, ఎరుపు, నీలం, పసుపు. చాలామంది అది ప్రింట్ అనుకుంటారు. కాదు. ఒక్కో రంగు ముక్కనీ ఊలు జెర్సీలో విడిగా కత్తిరించి జోడించారు. ఒంటికి తగ్గట్టు ఆకారం రావాలంటే మామూలుగా డాట్స్ (గుడ్డని చిన్నగా మడిచి వేసే కుట్లు) వేస్తాం కదా, అవేవీ పైకి కనబడకుండా ఆ ఆకారాన్నంతా గళ్ళు కలిసే కుట్లలోనే దాచేశారు. అంటే సాఁ లోరాఁ ఆ చిత్రాల్లోంచి రంగులు మాత్రమే తీసుకోలేదు, గీతల్ని కుట్లుగా చదివారు. నేను నేర్పాలనుకుంటున్నది ఆ చదవడమే.

ఇక రెబెక్కా దగ్గరికి వద్దాం. ఇటలీ శిల్పి జియోవన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పం. మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్ళినప్పుడు రోమ్‌లో కొన్నారు. బైబిల్ కథలో రెబెక్కా కొత్త పెళ్ళికూతురు, తనని చేసుకోబోయే ఇస్సాకు ఎదురొస్తున్నాడని తెలిసి ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. శిల్పి పట్టుకున్నది ఆ క్షణాన్ని. ముఖం మీద ముసుగు ఉంది, ముసుగులోంచి ముఖం కనిపిస్తోంది, రెండూ ఒకే రాయి. మొదటిసారి చూసినప్పుడు చెయ్యి చాచి ఆ ముసుగు ఎత్తాలనిపించింది నాకు.

మొదటి పది నిమిషాలు గీయొద్దు. చూడండి. వీలైనంత మేర పక్కలకి జరిగి చూడండి, వెలుగు మారితే మడత మారుతుంది. రాయి మొత్తం ఒకటే గట్టిదనం, ఒకటే రంగు. మరి ముసుగు పల్చన అని, కింది వస్త్రం దానికంటే మందం అని మన కంటికి ఎలా తెలుస్తోంది? మడతల వల్ల. పల్చటి గుడ్డకి సన్నటి మడతలు ఎక్కువ, దగ్గర దగ్గరగా ఉంటాయి. మందం గుడ్డకి మడతలు తక్కువ, వెడల్పు ఎక్కువ, మడతకీ మడతకీ మధ్య నీడ లోతుగా ఉంటుంది. ఇది మీకు కొత్త కాదు, చిన్నప్పుడు అమ్మ చీర కట్టుకుంటుంటే కుచ్చిళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళే కదా అందరూ, పట్టుచీరకి ఎన్ని కుచ్చిళ్ళు వచ్చేవో, పల్చటి మల్ నూలు చీరకి ఎన్ని వచ్చేవో మీ వేళ్ళకి తెలుసు.

ఇప్పుడు పెన్సిల్ తీయండి. ముఖం గీయొద్దు, అందంగా గీయాలని అసలే వద్దు. ఒక కోడిగుడ్డు ఆకారం, కింద భుజాల గీత, అంతే. దాని మీద చుక్కలు పెట్టండి, గుడ్డ బరువు ఎక్కడెక్కడ ఆగుతోందో అక్కడ ఒక చుక్క. నడినెత్తి, నుదురు, ముక్కు కొన, భుజాలు, చేతులు గుడ్డని తాకిన చోట్లు. ప్రతి మడతా ఇలాంటి ఏదో ఒక చుక్క దగ్గర పుడుతుంది. ఒక చుక్క నుంచే వేలాడితే మడతలు విసనకర్రలా విచ్చుకుంటాయి, పిన్ను పెట్టిన పైట లాగా. రెండు చుక్కల మధ్య వదులుగా ఉంటే ఉయ్యాలలా కిందికి జారతాయి. నేలకి తగిలితే విరిగి వంకరటింకరగా పోగుపడతాయి. మీ శిల్పంలో ఏవి ఎక్కడున్నాయో బాణం గుర్తులతో వేసుకోండి. ఒంటికి అంటుకున్న చోట మడత ఉండదు, ఆ చోట్లని ఖాళీగా వదిలేయండి. ఈ ఖాళీలే ముఖం. శిల్పి మనకి ముఖం చూపించింది గుడ్డ మడతపడని చోట్లలోనే.

ఇప్పుడు ఫోన్ తీసి రెండు ఫొటోలు తీసుకోండి, చాలు. ఫొటోలకి అనుమతి ఉందో లేదో టికెట్ కౌంటర్‌లోనే అడిగి ఉంటారు కాబట్టి టెన్షన్ లేదు.

శిల్పం చూసి బట్ట కుట్టినవాళ్ళు ఉన్నారా అంటే, ఫార్చునీ పేరు గుర్తుపెట్టుకోండి. గ్రీసులో డెల్ఫీ దగ్గర 1896లో ఒక కంచు విగ్రహం దొరికింది, రథసారథిది. అతని పొడవాటి వస్త్రం నడుం నుంచి పాదాల దాకా నిలువు మడతలతో స్తంభంలా దిగుతుంది. వెనిస్‌లో పనిచేసిన మరియానో ఫార్చునీ సుమారు 1907లో సన్నటి పట్టుతో డెల్ఫోస్ అనే గౌను చేశాడు, పేరే అక్కడిది. గుడ్డ మొత్తం సన్నని నిలువు ప్లీట్లు. అంత పల్చటి పట్టు ఎగిరిపోకుండా నిలువుగా దిగాలంటే బరువు కావాలి, అందుకని పక్క కుట్ల వెంట చిన్న చిన్న గాజుపూసలు కుట్టించాడు. ఈ తెలివి మన దగ్గరా ఉంది. గద్వాల్ చీర చూడండి, ఒళ్ళంతా నూలు, అంచు పట్టు జరీ, ఆ అంచు బరువు కిందికి లాగబట్టే తేలికైన నూలు కూడా అంత నిండుగా దిగుతుంది. ఇది నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు, డెల్ఫోస్ గురించి చదివాక మా అమ్మమ్మ చీర తీసి చూస్తే అర్థమైంది.

ఇంటికొచ్చాక చేయాల్సిన పని ఇదీ. మల్ గుడ్డ ఒక మీటరు, కోరా గుడ్డ ఒక మీటరు, మందం ఖద్దరు ఒక మీటరు. డమ్మీ (బట్ట వేసి చూసుకునే బొమ్మ) లేకపోతే స్టూలు మీద బిందె బోర్లించండి, అదే తల. మూడు గుడ్డల్నీ ఒకటి తర్వాత ఒకటి పైన పరిచి, ఒకే రెండు చోట్ల గుండుసూదులు పెట్టి వదిలేసి, ఎన్ని మడతలు పడ్డాయో లెక్కపెట్టి రాయండి (బిందె మీద సూదులు నిలవవు, టేపుతో ముందు ఒక పాత టవల్ చుట్టండి). తర్వాత మల్ గుడ్డని కొంచెం తడిపి మళ్ళీ వేయండి. గ్యాలరీలో వదిలిన ఖాళీలు ఇక్కడా కనబడతాయి.

ఆ తర్వాత అదే గుడ్డని క్రాస్‌గా తిప్పండి, పడుగూ పేకా రెండూ ఏటవాలుగా వచ్చేట్టు. క్రాస్ కట్ జాకెట్ ఎందుకు ఒంటికి అంత బాగా అతుక్కుంటుందో మీ టైలర్ చేతికి తెలుసు: అలా తిప్పినప్పుడు గుడ్డ సాగుతుంది, మడత మెత్తబడుతుంది. ఈ క్రాస్ కటింగ్‌తో మొత్తం గౌన్లే కట్టిన ఫ్రెంచ్ డిజైనర్ మడెలీన్ వియొనే కాగితం మీద కాకుండా చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ వేసి డిజైన్ చేసేది. ఆమె పుట్టింది కూడా 1876లోనే, మన రెబెక్కాని కొన్న సంవత్సరమే. ఇది నాకు భలే ఇష్టమైన విషయం, అందుకే చెప్పాను.

హైదరాబాద్‌కి దూరంగా ఉన్నవాళ్ళు ఆగిపోకండి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి, లండన్‌లో ఉన్నవాళ్ళకి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, లాంచీ ఎక్కగలిగితే నాగార్జునకొండ ఉంది. అక్కడ చుక్కలు నెత్తిమీద కాదు, నడుం దగ్గర పెట్టాలి. నడుముకి చుట్టిన గుడ్డ, దానిమీద ముడి, మొలనూళ్ళు, మడతలన్నీ అక్కడే పుడతాయి.

వచ్చే పాఠానికి మూడు కాగితాలు సిద్ధంగా ఉంచండి: చుక్కల బొమ్మ ఒకటి, మూడు గుడ్డల మడతల లెక్క ఒకటి, క్రాస్‌గా తిప్పినప్పుడు ఏం మారిందో ఒకటి. తడిపిన మల్ గుడ్డని ఇస్త్రీ చేయొద్దు, బిందె మీదే ఆరనివ్వండి. ఆ ముడతలతోనే 4వ పాఠంలో బట్టకి ఒక చెయ్యి (స్లీవ్) కత్తిరిస్తాం.