రెండు తాళ్లు కలిపిన ముడి జారిపోతోందా? ముందు కొసలు చూడండి

వినాయక చవితి వచ్చిందంటే మా గల్లీ పిల్లల నుంచి ఒకటే ఫోను: "అన్నా, రాత్రి కట్టిన టార్పాలిన్ పొద్దున్నకి ఊడింది. తాడే ఖరాబుది." తాడు తెగితే కదా దాన్ని తిట్టాలి! తెగలేదు, ముడి జారింది. బేగంబజార్ దుకాణందారు తప్పేమీ లేదు.

సమస్య: లాగేకొద్దీ ముడి మెల్లగా జారుతోంది

రెండుసార్లు మెలేసి కట్టే మామూలు ముడిలో కొసలు చూడండి. ఎవరూ చూడరు, పైన ఇంకో రెండు ముళ్లు వేస్తారు. ప్రతి కొసా తన తాడు పక్కనే పడుకుని ఉంటే సరే. ప్లస్ గుర్తులా అడ్డంగా నిలబడిందంటే, రెండుసార్లూ కుడిదాన్నే ఎడమ మీద వేశారు. విప్పి, రెండోసారి ఎడమదాన్ని కుడి మీద వేయండి. తేడా ఆ ఒక్క మెలికే. పక్కపక్క మెలికలు ఒకే వైపు తిరిగితే తాడు దొర్లి జారుతుంది, ఎదురెదురుగా తిరిగితే పట్టేస్తుంది. ఒత్తిడికి రంగు మారే దారాలతో ముళ్లు వేసి చూసి, 2020లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 'సైన్స్' పత్రికలో రాసిందీ ఇదే.

సరిగ్గా వేసినా ఇది మూటలకు పనికొచ్చే ముడి. బరువు లాగే తాళ్లకు వద్దు. ఒక కొసను గట్టిగా పక్కకు గుంజితే మొత్తం తిరగబడి ఊడొస్తుంది.

సమస్య: చేత్తో లాగితే ఆగుతోంది, గాలివానకు ఊడుతోంది

దీనికి నేనే బలయ్యాను. లావు కొబ్బరి తాడుకి సన్న నైలాన్ తాడు కలిపాను, స్కౌట్స్‌లో నేర్పే షీట్ బెండ్ ముడితోనే. అర్ధరాత్రి టార్పాలిన్ ఒక మూల కిందికి వాలి, అందులో నిలిచిన నీళ్లన్నీ పులిహోర గంగాళంలోకి. ముడిని అంతకుముందు రెండుసార్లు చూశాను కూడా, ఏ తప్పూ కనిపించలేదు.

తప్పు సన్న తాడును తిప్పిన వైపులో ఉంది. ఎటు తిప్పినా ముడి ఆకారం దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ రెండు కొసలూ ఒకే పక్కకు వస్తే పట్టు బాగుంటుంది, చెరో పక్కకు వస్తే తగ్గుతుంది. గాలికి తాడు వదులవుతూ బిగుస్తూ ఉంటే, ఆ ఊపుకి కొస కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది.

లావు తాడును యు ఆకారంలో మడవండి. సన్నదాన్ని మడతలో కింది నుంచి పైకి తీయండి. ముందు లావు తాడు పొట్టి కొస వెనక, తర్వాత దాని పొడుగు భాగం వెనక తిప్పి, కొసను సన్న తాడు కిందే దూర్చండి. నైలాన్ నున్నగా ఉంటే రెండు చుట్లు తిప్పండి. కొస జానెడు వదలండి. బిగించే ముందు ఒకసారి చూడండి: కొసలు రెండూ ఒకే పక్కనున్నాయా?

ఎలుక కొరకడం, ఎండకు నైలాన్ పీచులు లేవడం లాంటివి కంటికే కనిపిస్తాయి. తాడు మార్చేయండి. మనిషి వేలాడే పనికి మాత్రం ఈ రెండు ముళ్లూ వాడొద్దు.